సావిత్రి, జమున, శారద: బెజవాడ నుంచి తెనాలి దాకా

సావిత్రి మీద అభిమానంతో బెజవాడ వచ్చేవాళ్ళు రైలు దిగీ దిగకముందే చిర్రావూరు ఎటు అని అడుగుతారు. నా మాట వింటే ఆ ఊరు మొదట పెట్టుకోవద్దు. ఆవిడ పుట్టింది అక్కడే, కాదనను. నటి అయింది మాత్రం కృష్ణకి ఇవతల, బెజవాడ నాటకాల్లో. అందుకే మేం గాంధీనగర్‌లో దిగాం. మేం అంటే నేనూ, మా పెద్దక్కా. సావిత్రి సినిమా టీవీలో వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవని మనిషి మా అక్క.

బసకి గాంధీనగరే మంచిదని ఇప్పటికీ అంటాను. స్టేషన్ దగ్గర, టిఫిన్లకి కొదవ లేదు, నాటకాలు ఆడే హనుమంతరాయ గ్రంథాలయం నడిచి వెళ్ళే దూరం. మేం దిగిన లాడ్జి సంగతి వేరు. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, ఏసీ బాగానే పనిచేసింది. వేడినీళ్ళు మాత్రం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. లిఫ్టుకి ‘రిపేరులో ఉంది’ అని అట్టముక్క కట్టారు. మూడో అంతస్తు ఎక్కేసరికి అక్క మోకాళ్ళు పట్టేశాయి. అడిగితే కౌంటర్లో కుర్రాడు ‘మెకానిక్ దార్లో ఉన్నాడు సార్’ అన్నాడు. ఖాళీ చేసేదాకా ఆ మెకానిక్ దార్లోనే ఉన్నాడు. ఈ పేటలో చాలా లాడ్జీల్లో దిగిన గంట నుంచి ఇరవైనాలుగు గంటల లెక్క. రాత్రి బండికి వచ్చేవాళ్ళకి అదొక లాభం. పెద్దవాళ్ళతో వస్తే మాత్రం లిఫ్టు పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

పొద్దున్నే బాబాయ్ హోటల్లో ఇడ్లీ, మీద వెన్న, కారప్పొడి. 1942 నుంచి ఉన్న హోటలు. చిన్న సావిత్రి ఇక్కడ ఇడ్లీ తిని ఉంటుందా అని అక్క అడిగింది. ఆ కాలంలో ఆడపిల్లల్ని హోటలుకి ఎవరు పంపారు అని నేనన్నాను. తెలుగు సినిమా వ్యాపారంలో సగం ఈ పేటలోనే నడిచేది. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు, బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. బెజవాడలో మారుతీ టాకీసు 1921లోనే వెలిసింది. సినిమా అంటే ఈ ఊరికి అంత పాత మోజు.

తండ్రి పోయేనాటికి సావిత్రికి ఆరు నెలలు. తల్లి సుభద్రమ్మ పిల్లల్ని తీసుకుని బెజవాడలో ఉన్న అక్కగారింటికి వచ్చేసింది. పెద్దనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య గారే తండ్రిలా చూసుకున్నాడు. శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి గారి దగ్గర సంగీతం, నాట్యం. తర్వాత నాటకాలు. ఎన్టీఆర్, జగ్గయ్య వాళ్ళ నాటక సమాజంలో కొన్నాళ్ళు వేషాలు వేసి, ఆ పైన నవభారత నాట్యమండలి అని సొంత సమాజమే పెట్టుకుంది. పద్నాలుగేళ్ళయినా నిండని పిల్లకి కాకినాడలో హిందీ నటుడు పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి వచ్చింది. మద్రాసు వెళ్ళాక మాత్రం అంత సులువు కాలేదు. ‘సంసారం’ (1950)లో చేతికొచ్చిన నాయిక వేషం జారిపోయింది. మరుసటి ఏడు ‘పాతాళభైరవి’లో ఒక పాటలో నాట్యం. నిలదొక్కుకుంది ‘పెళ్ళిచేసి చూడు’ (1952), ‘దేవదాసు’ (1953) తోనే.

సాయంత్రం గ్రంథాలయంలో పౌరాణిక నాటకం ఉందంటే వెళ్ళాం. టిక్కెట్టు లేదు, వెళ్ళి కూర్చోవడమే. ద్రౌపది వేసినావిడకి యాభై దాటి ఉంటాయి. హార్మోనియం శ్రుతి అందుకుని పద్యం ఎత్తుకుంటే వెనక వరసలో ముసలాయన ‘వన్స్ మోర్’ అని కేకేశాడు. ఆవిడ చిన్నగా తలవంచి, కోపం చెదరనివ్వకుండా, మళ్ళీ మొదటి పాదం నుంచి పాడింది. నాటకం అయ్యాక చూస్తే ముఖాన రంగు సగమే తుడుచుకుని, భుజకీర్తులు జిప్పు సంచిలో సర్దుకుని, కొడుకు బండెక్కుతోంది. నాకు ఈ ప్రయాణం మొత్తంలో సావిత్రి దగ్గరగా అనిపించింది అప్పుడే. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక సావిత్రి నడక గుర్తుందా? ఛాతీ విరుచుకుని, కనుబొమ్మ ఎగరేసి, ఆడపిల్ల అడుగులు మరిచిపోయి అచ్చం ఎస్వీ రంగారావులా. ఇంతలో ఎవరో వస్తున్నారనగానే మళ్ళీ సిగ్గు. ఒళ్ళు అంత చెప్పినమాట వినాలంటే స్టేజీ మీద పెరిగి ఉండాలి.

అక్కకి మాత్రం ‘నర్తనశాల’ (1963) ఎక్కువ. 1964లో జకార్తాలో జరిగిన ఆసియా-ఆఫ్రికా చిత్రోత్సవంలో కీచకుడిగా రంగారావుకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ‘ఎదురుగా సైరంధ్రిగా సావిత్రి అట్లా నిలబడబట్టే కదరా కీచకుడికి ప్రైజు’ అని ఆటోలో మళ్ళీ మొదలెట్టింది. ఆటోవాడు కూడా అవునమ్మా అన్నాడు. అన్నాడే గానీ కిరాయి తగ్గించలేదు.

చిర్రావూరికి కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్ళాలి. ఈ బ్యారేజీ పూర్తయిందీ 1957లోనే, ‘మాయాబజార్’ వచ్చిన ఏడే. సావిత్రి చిన్నతనంలో ఇక్కడ ఉన్నది 1855 నాటి పాత ఆనకట్ట. అవతలికి దిగాక దారి పొడుగునా అరటితోటలు. ఊరు పచ్చగా, ప్రశాంతంగా ఉంది. సావిత్రి గారి ఊరేనా అంటే అరుగు మీద వాళ్ళు నవ్వుతూ తలూపారు, మంచినీళ్ళిచ్చారు. మ్యూజియంలాంటిది చూద్దామని వస్తే మాత్రం ఉసూరుమంటారు. గంట చాలు. ఫోన్లో క్యాబ్ పిలిస్తే వెనక్కి రావడానికి ఒక్కటీ దొరకలేదు. కాబట్టి బెజవాడలోనే రానుపోను ఆటో మాట్లాడుకుని, వెయిటింగు ఎంతో ముందే తేల్చుకోండి.

గుంటూరులో దిగితే ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో గదులు బాగానే ఉంటాయి. ఎన్టీఆర్, జగ్గయ్య చదువుకుంటూ నాటకాలాడిన ఏసీ కాలేజీ ఉంది. నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళకి వెంకటేశ్వర విజ్ఞానమందిరం ఉంది. కానీ ఈ ప్రయాణానికి అది చుట్టుదారి. బస్సులో వెళ్ళి ఒక పూట చూసి వస్తే సరి.

అసలు చూడాల్సింది తెనాలి లైను. కృష్ణ కాలువ దాటాక దుగ్గిరాల. ఎక్స్‌ప్రెస్సులు ఎక్కితే ముందుకి పోతారు, ప్యాసింజరే ఎక్కండి. బండి నిండా కూరగాయల బుట్టలు, కాలేజీ పిల్లలు. దుగ్గిరాల అంటే పసుపు. పసుపు మార్కెట్ యార్డు దగ్గర ముక్కు పుటాలే కాదు, చెప్పులూ పసుపుపచ్చగా అయ్యాయి. హంపీలో పుట్టిన జమున కుటుంబం ఇక్కడికి వచ్చిందే ఆ వ్యాపారం మీద. ఈ ఊళ్ళో నాటకం ఆడడానికి వచ్చినప్పుడు సావిత్రి జమున వాళ్ళింట్లోనే ఉండేది. నువ్వూ సినిమాల్లోకి రా అని పిలిచిందీ ఆవిడే. జమునకి మొదటి సినిమా ‘పుట్టిల్లు’ (1953), గరికపాటి రాజారావు తీసింది. రెండేళ్ళకి ‘మిస్సమ్మ’లో, 1962లో ‘గుండమ్మ కథ’లో ఈ ఇద్దరూ అక్కాచెల్లెళ్ళయ్యారు. మా అక్క ఈ సంగతి విన్నాక ఇక చిర్రావూరు ఊసెత్తలేదు. యార్డు బయట టీ బాగుంది. ఆడవాళ్ళకి బాత్రూమ్ వెతుక్కోవడం మాత్రం పెద్ద పనే, రైలు ఎక్కకముందే ఆ పని చూసుకోవాలి.

ఆ తర్వాతి పెద్ద స్టేషను తెనాలి. ‘మాలపిల్ల’ (1938) నాయిక కాంచనమాలది ఈ ఊరే. శారదదీ ఇదే. మలయాళంలో ‘తులాభారం’, ‘స్వయంవరం’, తెలుగులో ‘నిమజ్జనం’, మూడింటికీ జాతీయ ఉత్తమ నటి. వాటిలో ‘స్వయంవరం’ 1973లో మాస్కో చిత్రోత్సవం దాకా వెళ్ళింది. 1996లో తెనాలి నుంచే ఆమె లోక్‌సభకి గెలిచింది. ఇన్ని ఉన్నా ఊళ్ళో ఫలానా చోటు చూడండని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. భోజనం బాగుంది, రిక్షా మాట్లాడుకుని కాలువ ఒడ్డున తిరిగాం. విజయవాడకి బండ్లు బోలెడు కాబట్టి తెనాలిలో రాత్రి గది తీసుకోవడం దండగ.