హెచ్‌డీఎంఐ–వీజీఏ కన్వర్టర్లు: రెండో మానిటర్ 1024×768 దగ్గరే ఆగిపోతుంటే

వీజీఏ (15 పిన్నుల పాత అనలాగ్ పోర్టు) తప్ప ఇంకో పోర్టు లేని పాత మానిటర్‌ని, హెచ్‌డీఎంఐ అనే డిజిటల్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్‌కి రెండో స్క్రీన్‌గా పెట్టుకోవాలంటే ఈ కన్వర్టర్ కొనక తప్పదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా రెండు మూడు వందల నుంచి ఏడెనిమిది వందల దాకా రకరకాలు దొరుకుతాయి. అన్ని డబ్బాల మీదా 1080పీ (అంటే 1920×1080) అనే ఉంటుంది. అది చూసి కొనకండి, ఆ మాత్రం సిగ్నల్ దాదాపు అన్నీ పంపిస్తాయి. మానిటర్ తన గురించి చెప్పే వివరాలను ల్యాప్‌టాప్ దాకా చేరవేస్తుందా లేదా, చూడాల్సింది అదొక్కటే.

ఆ వివరాలనే ఈడీఐడీ అంటారు. మానిటర్‌లోని చిన్న మెమరీ చిప్‌లో 128 బైట్లలో ఉంటాయి: కంపెనీ, మోడల్, చూపగల రిజల్యూషన్లు (1024×768 లాంటి అడ్డం, నిలువు చుక్కల లెక్క), వాటిలో దాని అసలుది ఏది అన్నది. కేబుల్ తగిలించగానే గ్రాఫిక్స్ కార్డు ముందుగా చదివేది దీన్నే. చదవలేకపోతే విండోస్ ఏ మానిటర్‌కైనా సరిపోయే 1024×768 పెట్టి ఊరుకుంటుంది. వెడల్పు స్క్రీన్ మీద ఆ బొమ్మ అడ్డంగా సాగి, గుండ్రటి ఐకాన్లు కోడిగుడ్ల ఆకారంలోకి వస్తాయి. మానిటర్ పాడైందనో డ్రైవర్ పోయిందనో అనుకుని విండోస్ మళ్లీ ఎక్కించేదాకా వెళ్లేవాళ్లున్నారు. ఆ శ్రమంతా వృథా.

బజార్లో మూడు రకాలున్నాయి. మొదటిది జానెడు వైరుతో, చివర వీజీఏ సాకెట్‌తో వచ్చేది. చవక, పనిచేస్తుంది, కానీ కరెంటు దగ్గర ఇబ్బంది. హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి కచ్చితంగా వస్తుందని నమ్మదగ్గది 5 వోల్టుల దగ్గర 55 మిల్లీఆంపియర్లే. డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్‌కి చాలాసార్లు అది చాలదు. అప్పుడు బొమ్మ వచ్చిపోతూ ఉంటుంది, లేదా బొమ్మ నిలిచినా ఈడీఐడీ అందదు. రెండోది ఒక కొస హెచ్‌డీఎంఐ, ఇంకో కొస వీజీఏ ఉన్న ఒకటే కేబుల్. చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ నేను వద్దంటాను, ఎక్కడ తేడా వచ్చినా మొత్తం పారేయాల్సిందే. మూడోది పక్కన మైక్రో యూఎస్‌బీ పవర్ సాకెట్, ఆడియో జాక్ ఉన్నది. వంద రూపాయలు ఎక్కువైనా ఇదే తీసుకోండి. ల్యాప్‌టాప్ కరెంటు చాలనప్పుడు ఫోన్ చార్జర్ తగిలిస్తే సరిపోతుంది.

చవక రకాల్లో ఇంకో లోపం కూడా చూస్తాం. కొన్ని మానిటర్ వివరాలు చదవకుండా తమలో రాసిపెట్టిన ఈడీఐడీనే ల్యాప్‌టాప్‌కి ఇస్తాయి. అప్పుడు 1920×1080 కనిపిస్తుంది కానీ మీ మానిటర్ అసలు రిజల్యూషన్ అయిన 1440×900 గానీ 1280×1024 గానీ జాబితాలో ఉండకపోవచ్చు. దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. వాళ్ల మానిటర్‌కి తగిలించి, విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లండి. అక్కడ ఆ మానిటర్ మోడల్ పేరే కనిపిస్తే మంచిది. వేరే ఏదో పేరు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

కన్వర్టర్ మంచిదైనా వీజీఏ కేబుల్ దెబ్బకొట్టొచ్చు. కేబుల్ తొడుగు మీద సన్నటి అక్షరాల్లో 3+2, 3+4, 3+6 అని అచ్చువేసి ఉంటుంది. 3+2 అంటే మూడు రంగుల వైర్లు, బొమ్మని స్క్రీన్ మీద కుదురుగా నిలిపే రెండు సింక్ వైర్లు, అంతే. ఈడీఐడీ రావాల్సిన వైర్లు అందులో ఉండవు. కనీసం 3+4 కావాలి. ప్లగ్‌ని వెడల్పు వైపు పైకి పెట్టి ఎదురుగా చూస్తే కింది వరుసలో ఎడమ నుంచి రెండోది 12వ పిన్, కుడి చివరిది 15వది. ఈడీఐడీ నడిచేది ఈ రెండింటి మీదే. వీటిలో ఏది వంగినా, విరిగినా బొమ్మ మామూలుగానే వస్తుంది, రిజల్యూషన్ మాత్రం ఎక్కదు. మధ్య వరుసలో 9వ పిన్ లేకపోతే కంగారు పడొద్దు, చాలా కేబుళ్లకి ఉండదు.

తగిలించాక కూడా రిజల్యూషన్ తప్పుగానే ఉంటే ముందు విండోస్ కీ, పీ కలిపి నొక్కండి. డూప్లికేట్‌లో (రెండు స్క్రీన్ల మీదా ఒకే బొమ్మ) ఉంటే ల్యాప్‌టాప్ స్క్రీన్ రిజల్యూషనే రెండింటికీ పడుతుంది, ఎక్స్‌టెండ్‌కి మార్చండి. చాలా కేసులు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతే తగిలించే వరుస మార్చండి: మానిటర్ ఆన్ చేసి, వీజీఏ కేబుల్‌ని కన్వర్టర్‌కి బిగించి, చివరగా హెచ్‌డీఎంఐ పెట్టండి. హెచ్‌డీఎంఐ ముందే పెడితే అవతల ఏమీ లేదనుకున్న కన్వర్టర్ తర్వాత మళ్లీ చదవకపోవచ్చు. అప్పటికీ డివైస్ మేనేజర్‌లో జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్ అని చూపిస్తుంటే ఈడీఐడీ రావడం లేదన్నమాటే. డ్రైవర్ జోలికి పోకుండా కేబుల్ మార్చి చూడండి.

18.5 అంగుళాల మానిటర్లలో చాలావాటి అసలు రిజల్యూషన్ 1366×768. జాబితాలో 1360×768 కనిపిస్తే అది లోపం కాదు. వీజీఏ టైమింగ్స్ వెడల్పుని 8 చొప్పున లెక్కిస్తాయి, 1366 ఆ లెక్కలో ఇమడదు. 1360 పెట్టి, మానిటర్ మీద ఆటో బటన్ నొక్కితే అక్షరాలు సర్దుకుంటాయి.

కేబుల్ మార్చే వీలు లేకపోతే ఇంటెల్ లేదా ఎన్విడియా ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్ తయారు చేసుకోవచ్చు. మానిటర్ అసలు రిజల్యూషన్, 60 హెర్ట్జ్ ఇవ్వండి, అంతకు మించొద్దు. అవుట్ ఆఫ్ రేంజ్ అని వస్తే ఏమీ ముట్టుకోకుండా కొన్ని సెకన్లు ఆగితే పాతదానికి తిరిగొస్తుంది.

కొనేముందు మానిటర్ వెనక ఒకసారి చూడండి. వీజీఏ పక్కన డీవీఐ అనే తెల్లటి డిజిటల్ పోర్టు ఉంటే ఈ కన్వర్టర్ అక్కర్లేదు. మామూలు హెచ్‌డీఎంఐ–డీవీఐ కేబుల్ చాలు. అందులో చిప్ ఉండదు, ఈడీఐడీ నేరుగా వస్తుంది, 60 హెర్ట్జ్ దగ్గర 1920×1200 దాకా పోతుంది, అక్షరాలు వీజీఏ కంటే స్పష్టంగా ఉంటాయి. ఇంకో జాగ్రత్త: వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే వస్తువు. రెండూ ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి ఇంకోదానిలా పనిచేయదు. షాపులో అడిగేటప్పుడు ల్యాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు వీజీఏ అని విడమరచి చెప్పండి.