మాజీ డిటెక్టివ్ బాడీగార్డ్ కథకు ఏ ఊరు మేలు: కర్నూలా, కడపా, అనంతపురమా?

అయినవాళ్లను పోగొట్టుకుని, ఉద్యోగం వదిలేసి, ఇంకొకరి ప్రాణానికి కాపలా కాసే మాజీ డిటెక్టివ్. క్రైమ్ థ్రిల్లర్లు చదివేవాళ్లకు ఈ మనిషి పాత చుట్టమే. బయటి దేశాల కథల్లో ఏ లండన్‌లోనో చీకటి గదిలో సీసా పట్టుకుని కనిపిస్తాడు. ఆయన్ని మన సీమకు తెస్తే ఎక్కడ దింపాలి? కర్నూలు, కడప, అనంతపురం పక్కపక్కనే ఉన్నా ఈ కథ వరకు మూడూ ఒకటి కాదు. ముందే చెప్తున్నా, కొండారెడ్డి బురుజు ముందు సుమోలు బారులు తీరే కథ గురించి కాదు నేను మాట్లాడేది. అది చాలామంది తీశారు, మనమూ చూసేశాం.

ఊరి కన్నా ముందు ఉద్యోగం సంగతి తేలాలి. మన పోలీసు శాఖలో డిటెక్టివ్ అనే హోదా లేదు. కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఎస్సై, సీఐ, డీఎస్పీ, ఇలా పైకి పోతాయి. దొంగల్ని, హంతకుల్ని వెతికే పని సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) వాళ్లదో, స్టేషన్లో క్రైమ్ పార్టీ వాళ్లదో అవుతుంది. నన్నడిగితే హీరో సీఐ కాకుండా హెడ్ కానిస్టేబుల్ అయితే మేలు. సీఐకి జీపు, డ్రైవరు ఉంటారు. క్రైమ్ పార్టీ హెడ్ కానిస్టేబుల్‌కి టీకొట్టు, లాడ్జి రిజిస్టరు, బస్టాండులో పాత నేరస్తుల మొహాలు, ఇవే ఆస్తి. రేపు బాడీగార్డ్ అయ్యాక పనికొచ్చేది కూడా ఆ ఆస్తే.

ఇక బాడీగార్డ్. ఇక్కడే చాలా కథలు జారిపోతాయి. ఎమ్మెల్యేకో, ముప్పు ఉందని తేలిన నాయకుడికో ప్రభుత్వమే వన్ ప్లస్ వన్ అనో, టూ ప్లస్ టూ అనో గన్‌మెన్లను ఇస్తుంది. కాబట్టి ప్రైవేటు మనిషిని పెట్టుకునేవాడు రెండు రకాలు: ప్రభుత్వం గన్‌మెన్లను ఇవ్వనివాడు, పోలీసు నీడ కూడా తన మీద పడకూడదనుకునేవాడు. రెండోవాడే కథకు కావాలి. అందుకే మూడు ఊర్లనూ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: క్లయింట్ పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేడు?

చట్టం కూడా కథకు సాయపడుతుంది, రచయిత దాన్ని వాడుకుంటే. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ గార్డులు పోలీసు యూనిఫాం లాంటిది వేసుకుంటే అది నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ ప్రకారం, కళ్లముందు నాన్ బెయిలబుల్ (హక్కుగా బెయిలు రాని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరం జరిగితే మామూలు మనిషి కూడా నేరస్తుణ్ని పట్టుకోవచ్చు, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. మన హీరో నిన్నటిదాకా విచారణ గదిలో కూర్చుని ప్రశ్నలు వేసినవాడు. ఇవాళ తన చేతికి చిక్కినవాడితో ఆయనకు ఉన్నది ఆరు గంటలు. తుపాకీ కాల్చుళ్ల కన్నా ఆ ఆరు గంటలే నాకు ఎక్కువ టెన్షన్.

కడప నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే అందరి మనసూ ముందు అటే పోతుంది. ఊరికి మూడు వైపులా కొండలు, నల్లమల ఒక పక్క, పాలకొండలు ఒక పక్క. అవతల ఎర్రచందనం. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) ఆంక్షలున్నాయి, స్మగ్లర్ల కోసం ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్స్ కూడా ఉంది. క్లయింట్ స్మగ్లరైతే పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేడో చెప్పే పనే లేదు. అదే చిక్కు. ఒకప్పుడు దొంగల్ని పట్టిన మనిషి దొంగకు కాపలా కాస్తున్నాడంటే పాఠకుడు మొదటి పేజీలోనే మార్కులు వేసేస్తాడు. ఇక ఆ మనిషి ఏడ్చినా నటనే అనిపిస్తుంది.

అదే జిల్లాలో ప్రొద్దుటూరు ఉంది. బంగారం వ్యాపారానికి సీమలో దాని తర్వాతే ఏ ఊరైనా. రాత్రి బస్సులో నడుముకు కట్టుకున్న సరుకుతో ఒక సేటు, వెనక సీట్లో నిద్ర పట్టని మాజీ హెడ్ కానిస్టేబుల్. సీను బాగుంటుంది, కాదనను. కానీ షాపుకు బిల్లులుంటాయి, సీసీ కెమెరాలుంటాయి, సంఘం ఉంటుంది. సరుకు పోతే సేటు ముందు పరిగెత్తేది స్టేషనుకే. అక్కడితో మనవాడి పని అయిపోతుంది. ప్రొద్దుటూరులో మంచి కథ రాయొచ్చు, దానికి ఈ హీరో అక్కర్లేదు.

అనంతపురం వేరే రకం. వానలు అంతంతమాత్రం, చెనిక్కాయ చేలు, కంటికి అడ్డం లేని నేల. ఎవడో బైకు మీద వస్తుంటే కిలోమీటరు దూరం నుంచే దుమ్ము కనిపిస్తుంది. బాడీగార్డుకు ఇది వరం, థ్రిల్లర్ రాసేవాడికి శాపం. పైగా ఇక్కడ డబ్బున్నవాడి కళ్లన్నీ బెంగళూరు వైపే, దాదాపు 215 కిలోమీటర్లే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది. గాలిమరలకు, సోలారుకు పొలాలు లీజుకు పోయాయి. భూమి తగాదాతో క్లయింట్ దొరుకుతాడు. అతనికి కావలసింది కండలున్న నలుగురు కుర్రాళ్లు, దుఃఖంలో ఉన్న ఒక డిటెక్టివ్ కాదు. అనంతపురం మీద నాకు కోపమేం లేదు, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తినడానికి రమ్మంటే ఇప్పుడే బస్సెక్కుతా.

కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ వైపు చూడండి. తొలకరి వాన పడగానే వజ్రాల కోసం ఆ ఎర్రనేలల్లోకి జనం దిగుతారు. పక్క జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి వస్తారు, చద్ది కట్టుకుని, పిల్లల్ని చంకన వేసుకుని. వాన వెలిసి ఎండ తగిలిన మొదటి గంటలో చేలో నడవడం చూడాలి: ఎవరూ తలెత్తరు, ఎవరూ ఎవరితో మాట్లాడరు, మెరిసిన ప్రతి రాయి దగ్గరా నడుములు వంగుతాయి. నూటికి తొంభై తొమ్మిది పలుగురాళ్లే. నిజంగా రాయి దొరికినవాళ్లు అరవరు. కొంగున ముడేసుకుని, మామూలుగా మరో రెండు చాళ్లు వెతికి, అప్పుడు మెల్లగా గట్టెక్కుతారు. సాయంత్రానికి కబురు వ్యాపారికి చేరుతుంది. ఇన్ని లక్షలు, ఇన్ని తులాల బంగారం అని బేరం తెగుతుంది. మర్నాడు పేపర్లో వస్తుంది, పేర్లు మాత్రం రావు.

నాకు కావలసిన క్లయింట్ ఇక్కడ దొరికాడు. కొన్న వ్యాపారికి రసీదు లేదు, అమ్మిన కూలీకి కాగితం లేదు. ఆ రాయిని రాత్రికి రాత్రి ఎవడైనా కొట్టేస్తే ఏమని ఫిర్యాదు ఇస్తాడు? అలాగని స్మగ్లరంత చెడ్డవాడూ కాదు, ఊర్లో పెళ్లిళ్లకు పిలుస్తారు, జాతరకు చందా ఇస్తాడు. అలాంటివాడి పక్కన మన హెడ్‌ను నిలబెట్టొచ్చు. వ్యాపారి నోటికి "హెడ్డు సారూ" అలవాటు, మనవాడేమో "సారేం లేదులేన్నా, జీతగాణ్ని" అంటాడు. ఆ ఒక్క మాటలో ఉద్యోగం పోయిన సంగతి, ఆ ఊరి మర్యాద రెండూ తెలిసిపోతాయి.

వజ్రాల మూలం అనంతపురం జిల్లా వజ్రకరూరులో కదా, కింబర్‌లైట్ పైపులు (భూమి లోపలి నుంచి వజ్రాలను పైకి తెచ్చిన రాతి గొట్టాలు) బయటపడింది అక్కడే కదా అనొచ్చు. నిజమే. కానీ భూగర్భ శాస్త్రం వేరు, జనం వేరు. జొన్నగిరి దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది, అశోకుడి శాసనాలున్న గుట్ట. కళింగ యుద్ధంలో పోయిన ప్రాణాల మీద ఆయన పశ్చాత్తాపం చెప్పిన శాసనం కూడా ఆ బండల మీద ఉంది. ఎవరి చావుకో తానే కారణమని లోలోపల కుమిలిపోయే మనిషి, క్లయింట్ బేరం తెగేదాకా ఆ రాళ్ల నీడలో కూర్చుంటాడు. హీరోకు ఆ బ్రాహ్మీ అక్షరాలు చదవడం రాదు. రచయిత కూడా అక్కడ నోరు మూసుకుంటే మంచిది, వివరించాడంటే సీను చెడిపోతుంది.

దుఃఖం మాట. ఈ రకం కథల్లో భార్యను విలన్ చంపి ఉంటాడు, చివర్లో హీరో వాణ్ని చంపుతాడు, లెక్క సరిపోతుంది. కర్నూలు ఇంకో దారి చూపిస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. వన్‌టౌన్ ఇళ్లు మునిగాయి. అప్పట్లో మన హీరో కుర్ర కానిస్టేబుల్ అనుకుందాం. బందోబస్తులో ఉన్నాడు, ఎవరెవరినో తాడు పట్టుకుని మిద్దెల మీదికి లాగాడు, తన ఇంటికి మాత్రం చేరలేకపోయాడు. ఇంట్లోవాళ్ల ఈ చావులో ముద్దాయి లేడు. ఎఫ్‌ఐఆర్ ఎవరి మీద రాయాలి, నది మీదా? తర్వాత పదిహేనేళ్లు క్రైమ్ పార్టీలో పిచ్చిపట్టినట్టు పనిచేసినా ఆ ఒక్క కేసు మాత్రం ఆయన చేతికి రాదు. శవం లేచాకే డిటెక్టివ్‌కు పని. బాడీగార్డ్‌కు శవం లేస్తే పని పోయినట్టే. ఈసారి ముందే అక్కడ ఉండాలన్న పంతంతో ఆయన ఆ ఉద్యోగానికి ఒప్పుకుంటాడు. కడపలో, అనంతపురంలో నాకు ఇంత గట్టి కారణం దొరకలేదు.

కర్నూలుకు ఒక లోటు ఉంది. వజ్రాల వేట వానాకాలపు ముచ్చట, నాలుగు నెలలు దాటితే చేలల్లో పైరు పెరుగుతుంది, జనం వెళ్లిపోతారు. సిరీస్‌గా రాయాలనుకునేవాళ్లకు రెండో పుస్తకానికి సరుకుండదు. వాళ్లు కడపకే పోవడం మంచిది, అడవి పన్నెండు నెలలూ ఉంటుంది. ఒక్క పుస్తకమే అయితే జూన్‌లో తొలకరితో మొదలుపెట్టి, దసరా రాత్రి ఇదే జిల్లాలోని దేవరగట్టు బన్ని ఉత్సవంలో ముగించొచ్చు. వేల మంది చేతుల్లో కర్రలు, కాగడాలు, ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో తెలియని గుంపు. ఆ మధ్యలో క్లయింట్‌ను ప్రాణాలతో బయటికి తేవాలి, నడుముకు తుపాకీ ఉన్నా తీయకుండా.