కుక్క గోరు దెబ్బకు ఇంట్లో ఉంచుకునే డబ్బా: నాలుగేళ్ల వాడకం తర్వాత

షాపుల్లో రెడీమేడ్‌గా దొరికే పెట్ ఫస్ట్ ఎయిడ్ కిట్‌లో సగం సామాను గోరు దెబ్బకు పనికిరాదు. నాలుగేళ్లుగా ఒక్కోటి తీసేస్తూ, మెడికల్ షాపు నుంచి తెచ్చి కలుపుతూ వస్తే చివరికి డబ్బాలో నిలిచినవి ఇవే: రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్, 100 మి.లీ. సెలైన్ సీసాలు మూడు, 20 మి.లీ. సిరంజి, గాయానికి అంటుకోని పారఫిన్ గాజ్, దూది, రోల్ గాజ్, రెండంగుళాల వెట్‌ర్యాప్ (సాగుతూ తనకు తానే అతుక్కునే కట్టు), గాయం నాకకుండా మెడకు తొడిగే కోన్, కడిగి ఆరబెట్టిన ఖాళీ సెలైన్ సంచి ఒకటి. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ ఆదుకునేది పౌడర్ అనుకుంటారు చాలామంది. కాదు, వెట్‌ర్యాప్.

ముందు దెబ్బ ఏ రకమో చూడాలి. పైన పెంకు, లోపల రక్తనాళమూ నరమూ ఉండే మెత్తటి క్విక్, దాని అడుగున ఎముక, ఇదీ కుక్క గోరు. కొస మాత్రమే విరిగితే ఇంట్లో చూసుకోవచ్చు. పెంకు మొత్తం ఊడి గులాబీ రంగు క్విక్ బయటపడితే చూడ్డానికి భయం వేస్తుంది కానీ, శుభ్రం చేసి కట్టు కట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బాగానే మానుతుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది మొదలు దగ్గర విరిగి సగం వేలాడే గోరు. నడిచినప్పుడల్లా అది నరాన్ని లాగుతుంది. దాన్ని తీసేయాల్సిందే, అయితే ఇంట్లో కాదు. డాక్టరు మత్తుగానీ ఆ వేలికి మొద్దుబారే ఇంజెక్షన్‌గానీ ఇచ్చి తీస్తారు. ఇంట్లో ప్లయర్‌తో లాగితే ఎంత మంచి కుక్కైనా కరుస్తుంది, అది దాని తప్పు కాదు.

స్టిప్టిక్ పౌడర్‌లో పని చేసేది ఫెర్రిక్ సబ్‌సల్ఫేట్. గోళ్లు కత్తిరిస్తూ క్విక్ తెగినప్పుడు చిటికెడు తీసి కొస మీద అద్ది, 30 సెకన్లు వేలితో నొక్కి పట్టుకుంటే చాలు. ఆ ఒక్క పనిలో దీనికి సాటి లేదు. కానీ ఊడిన గోరు మీద, చర్మం చీలిన చోట, వేళ్ల సందులో చల్లకూడదు, మండుతుంది, కండ దెబ్బతింటుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టకపోతే చెమ్మకు గడ్డకట్టి రాయిలా అవుతుంది. బియ్యం గింజలు మూటకట్టి డబ్బాలో వేస్తే కొంత నయం. నేల మీద పడితే తుప్పు రంగు మరక పోదు, పాత పేపరు పరిచాకే తీయండి. పౌడర్ లేకపోతే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కినా కొస రక్తం ఆగుతుంది. కాఫీ పొడి మాత్రం వద్దు, నాకితే కెఫీన్ కుక్కకు విషం. పసుపు దట్టంగా పెట్టినా చిక్కే, డాక్టరు దాన్నంతా రుద్ది తీసేదాకా గాయం ఎంత లోతో తెలియదు.

పెంకు ఊడిన గాయానికి పౌడర్ బదులు గాజ్ మడత పెట్టి, మధ్యలో ఎత్తి చూడకుండా గడియారం పెట్టుకుని ఐదు నుంచి పది నిమిషాలు నొక్కాలి. రెండు నిమిషాలకోసారి తీసి చూస్తే అప్పుడే కట్టిన గడ్డ ఊడి మళ్లీ మొదటికొస్తుంది. 20 నిమిషాలకీ ఆగకపోతే ఆస్పత్రికి బయల్దేరండి. హైదరాబాద్‌లో కుక్కలకు పిడుదుల వల్ల వచ్చే జ్వరం (టిక్ ఫీవర్) ఎక్కువ. దాన్ని తెచ్చే ఎర్లిక్యా క్రిమి సోకిన కుక్కకు ప్లేట్‌లెట్లు పడిపోయి చిన్న గోరు దెబ్బకే రక్తం కారుతూ ఉంటుంది. ఆగని రక్తానికి కట్టుతో పాటు రక్త పరీక్ష కూడా అడగండి.

కడగడానికి సెలైన్‌ను మించింది లేదు. సిరంజిలో నింపి సూది లేకుండా ధారగా కొడితే ఇసుక, మట్టి పోతాయి. పెద్ద సీసా కొనకండి, మూత తీశాక ఒక్క రోజే పనికొస్తుంది. సెలైన్‌తో కడిగాక పోవిడోన్ అయోడిన్‌ను పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి వాడొచ్చు. క్లోర్‌హెక్సిడిన్ అయితే 2 శాతం ద్రావణం 25 మి.లీ. తీసుకుని, మొత్తం ఒక లీటరు అయ్యేలా నీళ్లు కలపాలి. దాన్ని మన బోరు నీళ్లలో కలిపితే ఉప్పుల వల్ల తెల్లగా విరిగి బలం తగ్గుతుంది, ఆర్‌ఓ నీళ్లే వాడండి. డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ డబ్బాలోంచి తీసేశాం. రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

ఇక కట్టు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ముందు వేళ్ల మధ్య, మెత్తల మధ్య దూది సన్నగా పెట్టాలి. కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తల్లో, దూది లేకపోతే వేళ్ల సందులు నాని పుండు పడతాయి. గాయం మీద పారఫిన్ గాజ్ పెట్టాలి. మామూలు గాజ్ నేరుగా పెడితే మర్నాడు విప్పేటప్పుడు కొత్త కండతో సహా ఊడొస్తుంది. దాని మీద రోల్ గాజ్ రెండు మూడు చుట్లు. చివర్న వెట్‌ర్యాప్. దీన్ని రోల్ మీంచి నేరుగా లాగుతూ చుడితే బిగుసుకుపోతుంది. చుట్టాల్సినంత ముందే విప్పి, వదులు చేసి, చుట్టు మీద చుట్టు సగం పడేలా వేయాలి. పాదం వరకే ఆపితే పదడుగుల్లో జారిపోతుంది, ముందు కాలైతే మణికట్టు దాటించి పైకి కట్టాలి. మధ్య రెండు వేళ్ల కొసలు మాత్రం బయటికి కనపడనివ్వండి. దెబ్బ వాటికే తగిలితే వాటినీ కప్పి, కట్టు పైఅంచు దగ్గర కాలు వాచిందేమో చూడండి. పూటకోసారి చూసినప్పుడు వేళ్లు ఎడంగా విడిపోయినా, చల్లబడినా, వాసన వచ్చినా వెంటనే విప్పాలి. క్రేప్ బ్యాండేజీతో కూడా ప్రయత్నించాం. జారుతుంది, తడిస్తే ఆరదు, కుక్క పళ్లతో ఇట్టే లాగేస్తుంది.

కట్టు లేకపోవడం కన్నా తడిసిన కట్టు ప్రమాదం. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఖాళీ సెలైన్ సంచిని అడ్డంగా కోసి పాదానికి తొడిగి పైన వదులుగా టేపు వేయండి. వాన బురదలో మార్కెట్లో దొరికే బూట్ల కన్నా ఇది బాగా పనిచేస్తుంది. ఇంటికి రాగానే తీసేయాలి, అరగంట దాటితే లోపల చెమటతో తడుస్తుంది. మొదటి మూడు రోజులు కట్టు రోజూ మార్చాలి, తర్వాత డాక్టరు చెప్పినట్టు. గాయాన్ని తెరిచి వదిలేస్తే, ముఖ్యంగా జులై నుంచి సెప్టెంబరు దాకా, ఈగలు వాలి ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి.

కోన్ విషయంలో గాలి నింపే గుండ్రటి దిండు డబ్బు దండగ. కాస్త పొడుగు మూతి ఉన్న కుక్కకు దాని మీదుగా ముందు పాదం హాయిగా అందుతుంది. ప్లాస్టిక్ కోన్ ముక్కు కొస దాటి రెండు మూడు అంగుళాలు ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. ఎండాకాలంలో దాని లోపల ఉక్కపోస్తుంది, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, నీళ్ల గిన్నె అంచు తగలకుండా ఎత్తులో పెట్టండి.

నొప్పి మాత్రలు మాత్రం ఇంట్లోవి వేయకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ ఏవీ వద్దు. మెలాక్సికామ్‌ను పశువైద్యులు రాస్తారు నిజమే, కానీ 10 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 1 మి.గ్రా. మనుషుల మాత్ర 7.5 లేదా 15 మి.గ్రా. ఉంటుంది.

నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ఏ ఆస్పత్రికైనా వెళ్లేటప్పుడు కుక్కకు ఆకలేసినా తిండి పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. దెబ్బేమీ తగలకుండానే ఒకదాని తర్వాత ఒకటిగా గోళ్లు ఊడుతుంటే అది చర్మ రోగనిరోధక సమస్య కావచ్చు. పెద్ద వయసు కుక్కకు ఒకే వేలు వాచి వారాల తరబడి మానకపోతే ఎక్స్‌రే అడగాలి, గోరు మొదలు దగ్గర వచ్చే క్యాన్సర్ కూడా అలాగే మొదలవుతుంది.

అసలు గోళ్లు ఎందుకు విరుగుతాయంటే పొడుగు పెరిగి. తాండూరు బండల సందుల్లో, పేవర్ బ్లాకుల మధ్య, డ్రైనేజీ జాలీల్లో, దోమల మెష్‌లో తట్టుకుంటాయి. ముందుకాళ్ల లోపలివైపు పైన ఉండే బొటనగోరు నేలకు తగలదు, అరగదు, ఎక్కువగా విరిగేది అదే. మూడు వారాలకోసారి గోళ్లను 2 మి.మీ. చొప్పున తీయడం మేలు. నల్ల గోరైతే కోసిన చోట మధ్యలో ముదురు చుక్క కనపడగానే ఆపాలి.

వెట్‌ర్యాప్‌ను కారులో ఉంచకండి. ఒక్క ఎండాకాలానికే సాగే గుణం పోయి, చుట్లు ఒకదానికొకటి అతుక్కుని చిరిగిపోతుంది. ఏడాదికోసారి, మే నెల దాటగానే, కొత్త రోల్ తెచ్చి పెట్టుకుంటున్నాం.