పాత పెట్రోల్ బంకు స్థలం కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

హైదరాబాద్ శివార్లలో మెయిన్ రోడ్డు మీద మూల ప్లాటు, గజం రేటు పక్క వాటికంటే తక్కువ అనగానే మనకు ఆశ పుడుతుంది. మాకూ అలాగే పుట్టింది. కింద రెండు షాపులు, పైన ఇల్లు కట్టుకుందామని కొన్నాం. ఇప్పుడు ఆ స్థలంలో ఇటుక పేర్చే పరిస్థితి లేదు. మాలాగా ఇంకొకరు ఇరుక్కోకూడదని రాస్తున్నాను.

లాయరు గారు లింక్ డాక్యుమెంట్లన్నీ చూసి టైటిల్ క్లియర్ అన్నారు. ఈసీలో, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రంలో, ఆయిల్ కంపెనీకి రాసిచ్చిన పాత లీజు డీడ్ ఒకటి కనిపించింది. అడిగితే మధ్యవర్తి, "బంకు ఎత్తేసి ఏళ్లయిందమ్మా, ట్యాంకులు కూడా తవ్వి తీసుకెళ్లిపోయారు" అన్నాడు. ట్యాంకులు పోతే ఇంకేం ఉంటుందిలే అనుకున్నాం. మేం చేసిన తప్పు అదే.

సంపు తవ్వేటప్పుడు నాలుగడుగుల దాకా మామూలు ఎర్రమట్టే వచ్చింది. ఆరో అడుగు దగ్గర మట్టి బూడిద రంగుకు తిరిగింది, అక్కడక్కడా పాచిపట్టినట్టు ఆకుపచ్చ చారలు. ఒక గడ్డ తీసి నలిపితే బండి ట్యాంకు మూత తీసినప్పుడు వచ్చే వాసన గుప్పుమంది. గుంతలో ఉన్న మేస్త్రి తల తిరుగుతోందని పైకొచ్చేశాడు. వస్తూనే గట్టు మీద బీడీ వెలిగించబోతున్న కుర్రాణ్ని గట్టిగా కేకేసి ఆపాడు. ఆ కేక తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అప్పటికే బోరు నీళ్లు టెస్ట్ చేయించి ఉన్నాం. టీడీఎస్, హార్డ్‌నెస్, ఫ్లోరైడ్ అన్నీ బాగున్నాయని రిపోర్టు వచ్చింది. దయచేసి ఆ రిపోర్టు చూసి మోసపోకండి. ఆ టెస్టుల్లో పెట్రోల్ జాడే తెలియదు. పెట్రోల్‌లో ఉండే బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ అనే రసాయనాల కోసం విడిగా అడగాలి, పెట్రోలియం హైడ్రోకార్బన్లు మొత్తం ఎంతో కూడా చూడమనాలి. శాంపిల్ తీయడంలోనూ తేడా ఉంది. ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టిస్తే ఇవి ఆవిరై పోతాయి. రెండోసారి వచ్చిన ల్యాబ్ అబ్బాయి చిన్న గాజు సీసాలు తెచ్చి, ఒక్క గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి చూసి, ఐస్ పెట్టెలో పెట్టుకుని వెళ్లాడు. తాగే నీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. మా నీళ్లలో దానికి ఎన్నో రెట్లు తేలింది. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం. రిపోర్టు చేతిలో పట్టుకుని నేనూ మా ఆయనా చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

లీకంటే ట్యాంకు పగలడమే అనుకుంటాం. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే పైపు జాయింట్లలో, లారీ నుంచి నింపే చోట బొట్టు బొట్టుగా కారినా చాలు. ఇప్పటి పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. పెట్రోల్ నీటికంటే తేలిక కాబట్టి భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది, అందులోంచి బెంజీన్ కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. మన దగ్గర కింద ఉన్నది గ్రానైటు. పగుళ్లు ఎటు ఉంటే అటు పోతుంది, మీ బోరు గట్టిగా లాగితే మీ వైపే వస్తుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000 ఫిబ్రవరిలో ఆగింది. అంతకుముందు నుంచి నడిచిన బంకైతే మట్టిలో సీసం కూడా చూపించుకోండి.

వాసన లేదు కదా అని ధైర్యపడకండి. ముక్కుకు తెలిసే మోతాదుకు చాలా ముందే హద్దు దాటిపోతుంది. కాచి తాగుతాం అనుకుంటే ఆ ఆవిరి వంటింట్లోనే పీలుస్తారు. వేడినీళ్ల స్నానంలోనూ అంతే.

కాబట్టి మట్టి, నీళ్ల పరీక్షలు అయ్యాకే మిగతా డబ్బు అని అగ్రిమెంటులో రాయించుకోండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో, ట్యాంకులు, పంపులు, పైపులు ఉన్న చోట్లనే బోర్లు వేయించి వేర్వేరు లోతుల్లో మట్టి తీయించండి. ఖాళీ మూలలో తవ్వి బాగుందంటే నమ్మొద్దు. భూగర్భ జలం ఎటు పారుతోందో తెలియాలంటే కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలవాలి. ఏది ఎక్కడుండేదో తెలియకపోతే గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల బొమ్మలు చూడండి, బంకు పైకప్పు కనిపిస్తుంది. ఎదురుగా టీ కొట్టు ఉంటే అక్కడా అడగండి. మాకు అసలు విషయం చెప్పింది టీ కొట్టాయనే. ఒక ట్యాంకు తీయకుండా ఇసుక పోసి పూడ్చేశారట.

కలుషిత స్థలాల మీద 2025 జులైలో కేంద్రం నియమాలు తెచ్చింది. కాలుష్యం చేసినవాళ్లే శుభ్రం చేసే ఖర్చు భరించాలి. మేం కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, తిరుగుతున్నాం. బోరుకు తాళం వేశాం. దిగువన ఉన్న మూడిళ్లకూ వెళ్లి రిపోర్టు చూపించాం. రెండిళ్లవాళ్లు ట్యాంకరు తెప్పించుకుంటున్నారు. మూడో ఇంట్లో పెద్దావిడ మాత్రం, "తాగట్లేదులేమ్మా, బట్టలకే వాడుతున్నాం" అంటోంది. ఇప్పుడు మా వెనక ప్లాటు కూడా అమ్మకానికి పెట్టారు, బోర్డు మీద "పుష్కలంగా బోరు నీళ్లు" అని రాశారు.