తొట్టి తీసేశాక ఊదా వెలుగులో

రంగులు మార్చే ఈ ఎల్‌ఈడీ దీపాన్ని వంగ తోటలో రెండేళ్లుగా వాడుతున్నాను. వాట్లు, వైరు పొడవు వగైరా పెట్టె మీదే ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది ఊదా రంగు గురించే.

మొదటి ఏడాదంతా అతినీలలోహిత కాంతే వెలిగించాను, కింద సబ్బు నీళ్ల తొట్టి పెట్టి. పొద్దున్నే రెక్కల పురుగులు గుట్టగా తేలుతుంటే కాయతొలుచు పురుగు పీడ వదిలిందని తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఒకరోజు ఆ నీళ్లు వడగట్టి చూశాను. లేత ఆకుపచ్చ రెక్కలు, బంగారు కళ్లు. అల్లిక రెక్కల పురుగులు! ముప్పై దాకా లెక్కపెట్టి ఇక చేతకాక ఆపేశాను. పేనుబంకను తినేది వీటి పిల్లలే. ఆకుల అడుగున సన్నని కాడల చివర నిలబడే వాటి గుడ్లు కనబడక అప్పటికే వారాలైంది, నాకే పట్టలేదు. ఆ రోజు అన్నం సహించలేదు.

2016లో జపాన్ పరిశోధకులు వంగ తోటలో 405 నానోమీటర్ల ఊదా కాంతి పెడితే ఓరియస్ అనే చిన్న వేట నల్లులు చేరి, మొక్కల రసం పీల్చే తామర పురుగులు తగ్గాయని చూపించారు. నా దీపం ఊదా మీట పక్కనా అదే అంకె. తొట్టి తీసేసి, తెల్లవారుజామున రెండు గంటలు వెలిగించడం మొదలుపెట్టాను. మూడో వారంలో ఒక పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే, రెండు మూడు మిల్లీమీటర్లు కూడా లేని నల్లి ఒకటి తామర పురుగును ముక్కుకు గుచ్చుకుని అలాగే పరుగెత్తింది. కాగితం కింద పెట్టబుద్ధి కాలేదు.

అప్పట్లో "తామర పురుగులే లేవు" అన్నాను. తగ్గాయి అంటే సరిపోయేది. పైగా ఆ పంటకాలంలోనే మందు కొట్టడం మానేశాను, గట్ల మీద పూల మొక్కలూ వేశాను. ఇందులో దీపం వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

దీపం నల్లులను పుట్టించదు, చుట్టుపక్కల ఉన్నవాటిని పిలుస్తుంది. నాది చిన్న తోట, నాలుగు వైపులా తెరిపి, పక్కన పొదలున్నాయి. మూసేసిన పాలీహౌస్‌లో పిలిస్తే పలికేవి ఎక్కడివి? అక్కడికైతే కొనమని చెప్పను. ఎరుపు చాలా పురుగుల కంటికి సరిగా ఆనదు కాబట్టి రాత్రి తోటలో తిరగడానికి ఉంచుకున్నాను. అతినీలలోహిత మీట మీద మాత్రం టేపు అంటించేశాను.