చెన్నై కొళత్తూరులో బోర్డు లేని గప్పీ షాపు: రెండోసారి రాస్తున్న రివ్యూ

మార్చిలో ఈ షాపుకు రెండు స్టార్లు ఇచ్చాను. ఇప్పుడు నాలుగు చేస్తున్నాను. అప్పుడు కోపంలో రాసిన దాంట్లో సగం తప్పు నాదే. అదేమిటో చెప్పాలంటే మా బాల్కనీలో గప్పీలనే చిన్న రంగు చేపల సంగతి నుంచి మొదలుపెట్టాలి.

మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చి విల్లివాక్కంలో ఉంటున్నాం. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. మూడేళ్ళ కిందట మా అబ్బాయి పోరు పడలేక, మెయిన్ రోడ్డు మీది ఒక పెద్ద షాపులో ఒక జత అల్బినో ఫుల్ రెడ్ గప్పీలు కొన్నాం. ఒళ్ళంతా కుంకుమ రంగు, కళ్ళు కూడా ఎరుపే. ఏడాది తిరిగేసరికి నాలుగు టబ్బులు నిండాయి. అపార్ట్‌మెంట్‌లో అందరికీ పంచాను. చివరికి నా చేతిలో కవరు కనిపిస్తే తలుపు తీసేవాళ్ళు లేరు.

ఆ తర్వాత తగ్గడం మొదలైంది. మొదట్లో కాన్పుకు ముప్పై, నలభై పిల్లలు. నాలుగో తరానికి వచ్చేసరికి పది, పన్నెండు. వాటిలో ఒకటో రెండో నడుం వంకరతో పుట్టేవి. తోకలు పొట్టిగా ఉండేవి. మగవి ఆడవాటి వెంట తిరగడం కూడా మానేసి ఒక మూల నిలబడేవి. నీళ్ళ తప్పేమో అనుకున్నాను. కల్లుప్పు వేశాను, నాటు బాదం ఆకు వేశాను, ఆర్టీమియా అనే చిట్టి రొయ్య జాతి పురుగుల్ని పొదిగించి మేతగా పెట్టాను. మెట్రో వాటర్ కుళాయి నీళ్ళు మానేసి బోరు నీళ్ళు పట్టాను. టెన్షన్ పెరిగింది తప్ప చేపలు మారలేదు. కొత్త రక్తం కావాలని వేరే షాపులో ఇంకో జత కొని కలిపాను. అదే వరస. రెండు షాపులకూ సరుకు ఒకే ఫారం నుంచి వస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక ఈ షాపు. కొళత్తూరు రంగు చేపల బజారు అనగానే గుర్తొచ్చే అద్దాల షాపుల వరసలో ఇది ఉండదు. లోపలి వీధిలో ఒక పిండిమర పక్కన మేడ మీద ఉంటుంది. రేకుల షెడ్డు కింద సిమెంటు తొట్లు, థర్మాకోల్ పెట్టెలు కలిపి ముప్పై దాకా ఉంటాయి. ఒక్కోదాని మీద మార్కర్‌తో ఒక్కో అంకె. నడిపే పెద్దాయన తాతల నాటి నుంచీ ఇక్కడివాడే, మాట మద్రాసు తెలుగు.

"ఫుల్ రెడ్ కావాలన్నా" అన్నాను.

ఆయన చేపలు చూపించలేదు. "ఇంట్లో ఉన్నాయామ్మా? అవి ఎవరి పిల్లలు?" అని అడిగాడు.

"మా టబ్బులో పుట్టినవే."

"వాటి అమ్మానాన్నలు?"

"అవీ మా టబ్బులోవే."

"వాటి అవ్వాతాతలు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "ఇన్ని తరాలుగా అన్నాచెల్లెళ్ళకే పెళ్ళి చేస్తా ఉండావు కదమ్మా" అన్నాడు.

మా ఇంట్లో మేనరికాలు మామూలే. మా అమ్మ సొంత మేనమామనే చేసుకుంది. అందుకే ఆ మాట కాస్త గుచ్చుకుంది. ఇంటికొచ్చి లెక్క వేశాను. మన జన్యువుల్లో దాదాపు అన్నిటికీ రెండేసి ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఆ రెండూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతికి నకళ్ళు అయ్యే అవకాశాన్ని శాతంలో చెబుతారు. బావామరదళ్ళ పిల్లలకు 6.25. మేనమామ, మేనకోడలు పెళ్ళాడితే పిల్లలకు 12.5, అంటే నా అంకె అది. అన్నాచెల్లెళ్ళు కలిస్తే 25. ఆ పిల్లల్లో మళ్ళీ అన్నాచెల్లెళ్ళు కలిస్తే 37.5, ఆ తర్వాత 50. మా నాలుగో తరం గప్పీలు అక్కడున్నాయి. టబ్బులో ఏది దేనితో కలిసిందో నేను చూడలేదు కాబట్టి కాస్త అటూ ఇటూ అవ్వచ్చు. ఆ మొదటి జత కూడా ఒకే తొట్టి పిల్లలైతే ఇంకా ఎక్కువే.

రెండోసారి వెళ్ళినప్పుడు నడుం వంకర చేపల వీడియో చూపించాను. "పుట్టుకతోనే వంకరా, పెద్దయ్యాక వంగిందా?" అని అడిగాడు. పెద్దయ్యాక వంగి, చిక్కిపోతే చేపల టీబీ కూడా కావచ్చట. చేతికి గాయం ఉంటే ఆ నీళ్ళలో పెట్టొద్దన్నాడు, అది మనిషి చర్మానికీ అంటుకుంటుంది. ఏ షాపులోనూ ఇంత మాట ఎవరూ చెప్పలేదు. కొనేవాడికి ఏదో ఒక మందు సీసా అంటగట్టడమే చూశాను. నా చేపల్ని మాత్రం మేడ మెట్లెక్కనివ్వనన్నాడు. అదీ న్యాయమే.

ఆయన దగ్గర అల్బినో లేవు. నల్ల కళ్ళ ఫుల్ రెడ్‌లు ఉన్నాయి, ఒకదానితో ఒకటి కలవని రెండు వరసలుగా, 7వ తొట్టిలో, 11వ తొట్టిలో. ఒక్కో దాని నుంచి రెండు ఆడవి ఇచ్చాడు. అన్నీ మగదాన్ని చూడనివి. ఇక్కడే ధర తేడా. బయట జతే 120కి దొరుకుతుంది, ఈయన ఒక్క ఆడదానికి 150 తీసుకున్నాడు. బేరం ఆడాను, తగ్గలేదు. తర్వాత అర్థమైంది. గప్పీ ఆడది ఒకసారి కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి లోపలే దాచుకుని కాన్పు మీద కాన్పు ఇస్తుంది. షాపులో కలిసి ఉన్న ఆడదాన్ని తెచ్చి మన మగదానితో వదిలితే పుట్టే పిల్లలు ఎవరివో దేవుడికే తెలియాలి. అందుకే ఈయన మూడు వారాలు నిండకుండానే ఆడవాటిని వేరు చేస్తాడు. ఆ వయసులో మగా ఆడా తేల్చడానికి కళ్ళజోడు, ఓపిక రెండూ కావాలి.

ఇంటికి తెచ్చి నా మగవాటిలో బాగున్న రెండింటితో, ఒక్కో వరసకు ఒకటి చొప్పున రెండు టబ్బులు పెట్టాను. మార్చిలో పిల్లలు పుట్టాయి. గట్టివి, చురుకైనవి, కానీ అన్నీ నల్ల కళ్ళవే! ఒక్కటంటే ఒక్కటి ఎర్ర కన్ను లేదు. మోసపోయానని ఆ రాత్రే రెండు స్టార్లు పడేశాను. మరునాడు ఆదివారం వెళ్ళి గట్టిగానే అడిగాను. ఆయన చేపలకు మోయినా అనే నీటి పురుగుల మేత వేస్తూనే, "మనవళ్ళు పుట్టేదాకా ఆగమ్మా" అన్నాడు. ఎర్ర కన్ను రావాలంటే ఆ జన్యువు రెండు ప్రతులూ ఎర్ర కంటివే కావాలి, ఈ పిల్లల్లో ఇప్పుడు ఒకటే ఉంది, అది నల్ల కన్ను కింద దాక్కుంది. "నడుం వంకరా ఇట్లే దాక్కుంటాది. నీ టబ్బులో రెండు ప్రతులూ కలిసినాయి గనకే బయటపడింది" అన్నాడు.

ఆ పిల్లలు పెద్దయ్యాక ఒక టబ్బు మగవాటిని ఇంకో టబ్బు ఆడవాటితో కలపమన్నాడు. మగవి ఐదు, ఆడవి ఐదు. నేను ఒక మగ, తొమ్మిది ఆడవి అనుకున్నాను, పిల్లలు ఎక్కువ వస్తాయని. దానికీ లెక్కుంది. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో, దాన్ని నాలుగుతో గుణించి మొత్తం చేపలతో భాగించాలి. ఒకటీ తొమ్మిదీ అయితే 3.6 వస్తుంది. టబ్బులో పది చేపలున్నా వంశం నాలుగు చేపలంత కూడా లేదన్నమాట. ఐదూ ఐదూ అయితే నిండా 10.

ఆగస్టు చివర్లో మొదటి కాన్పులో 31 పిల్లలు. టార్చి వేసి, తెల్ల గిన్నెలో పోసి లెక్కపెట్టాం. ఎర్ర కళ్ళవి ఏడు. నాలుగో వంతుకు కొంచెం తక్కువ. మా వాడు అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు తలుపు తీశారు. నా రెండు మగవీ తోబుట్టువులే కాబట్టి ఈ మనవళ్ళ శాతం సున్నా కాదు, సుమారు 15. నా అంకె కంటే కాస్త పైన.

ఐదో స్టార్ ఎందుకు లేదంటే, బిల్లు ఇవ్వడు. ఫోన్ ఎత్తడు. రంగులు చూసి మురిసిపోదామని వెళ్ళేవాళ్ళకు అక్కడ ఏమీ ఉండదు, పైనుంచి చూస్తే తొట్లలో చేపల వీపులే కనిపిస్తాయి. అక్వేరియంలో పెట్టుకోవడానికి నాలుగు అందమైన చేపలు చాలనుకుంటే మెయిన్ రోడ్డు షాపులే నయం, ఇంత డబ్బు పోయాల్సిన పని లేదు. నేను వెళ్ళినప్పుడు మెట్రో రైలు పనులతో ఆ దారంతా తవ్వి ఉంది, కారు పెట్టడానికి చోటు లేదు, ఆటోలో వెళ్ళండి. ఆదివారం పదిలోపు వెళితే మంచిది, పన్నెండుకు షట్టర్ దించేస్తాడు. మీ చేపల పుట్టుపూర్వోత్తరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. లేకపోతే మెట్ల దగ్గరే నిలబెట్టి అడుగుతాడు.