కాలువ చివర కూర్చుని చూస్తే ఏ సైఫై సిరీస్ మేలు?

మా రొయ్యల చెరువులు కోనసీమలో రాజోలు దిగువన ఉన్నాయి. కాపలా మనిషి సెలవు పెట్టిన రాత్రి గట్టు మీద షెడ్డులో నేనే పడుకుంటాను. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపు నిద్ర పడుతుంది, ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేస్తుంది. అలా మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టని రాత్రుళ్లే నాకు సైఫై, అంటే సైన్స్ ఫిక్షన్, సిరీస్‌ల పిచ్చి పట్టించాయి.

మొన్న ఎండాకాలం డిగ్రీ పరీక్షలు రాసి వచ్చిన మా మేనల్లుడు నాకు తోడు పడుకున్నాడు. "మావయ్యా, నాకు నెల రోజులే ఖాళీ. ఒక్కటే చూడమంటే ఏది చూడమంటావ్?" అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పి పడుకుందామనుకున్నాను. తెల్లారగట్ల డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూసే టైము వరకూ చెబుతూనే ఉన్నాను.

డాక్టర్ హూని ముందే పక్కన పెట్టేశాం. 1963లో బీబీసీలో మొదలైంది, మధ్యలో పదహారేళ్లు ఆగి 2005లో మళ్లీ వచ్చింది. హీరో చచ్చిపోబోతే వేరే నటుడి మొహంతో మళ్లీ పుడతాడు కాబట్టి దానికి ముగింపనేదే లేదు. నెల సెలవుల్లో అయ్యే పని కాదది. చివరికి బరిలో నాలుగు మిగిలాయి: స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్, బాటిల్‌స్టార్ గలాక్టికా, డార్క్, ద ఎక్స్‌పాన్స్.

స్టార్ ట్రెక్ అంటే జనానికి ముందు గుర్తొచ్చేది 1966 నాటి పాత సిరీస్. 79 ఎపిసోడ్లతో ఆగిపోయింది. అందులో మూడో సీజన్ అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి సాధించుకున్నదే. 1976లో నాసా తన మొదటి షటిల్‌కి ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టింది కూడా ఇలాంటి ఉత్తరాల ఒత్తిడి వల్లే. నేను చెప్పేది మాత్రం 1987 నుంచి 1994 వరకు వచ్చిన నెక్స్ట్ జనరేషన్ గురించి. 178 ఎపిసోడ్లు, కెప్టెన్ పికార్డ్‌గా పాట్రిక్ స్టూవర్ట్. అందులో డబ్బుతో పని లేదు. గోడకున్న పెట్టెని టీ అడిగితే టీ వస్తుంది, కప్పుతో సహా. ఓడలో ఎంత గొడవైనా చివరికి బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకుంటారు. దీన్ని ఇష్టపడేవాళ్లకి ఇష్టం అందుకే: మనుషులు బాగుపడతారని అది నిజంగా నమ్ముతుంది. కాలువ చివర, నీళ్లు ఆఖరున అందే పొలం ఉన్న నాకు అది చందమామ కథలా ఉంటుంది. బాగానే ఉంటుంది, నమ్మబుద్ధి కాదు.

కానీ దాంట్లో ఒక్క ఎపిసోడ్ ఉంది, 1991లో వచ్చిన 'డార్మోక్'. దాన్ని మన తెలుగువాళ్లు చూసినట్టు ఇంకెవరూ చూడలేరని నా ధీమా. పికార్డ్‌కి ఒక జాతి వాళ్లు ఎదురవుతారు. ఓడలో అనువాద యంత్రం వాళ్ల ప్రతి మాటనీ మార్చి చెబుతుంది, అయినా ఒక్క ముక్క అర్థం కాదు. ఎందుకంటే వాళ్లు మాట్లాడేదంతా వాళ్ల పురాణాల్లోంచి. ఫలానా ఇద్దరు ఫలానా ద్వీపంలో అంటారు, ఫలానావాడు గోడలు కూలినప్పుడు అంటారు. ఆ కథ తెలిస్తేనే మాట తెలుస్తుంది. ఇది చూసి అమెరికా వాళ్లు ఎంత వింత భాషో అనుకుని ఉంటారు. నాకైతే మా నీటి సంఘం మీటింగ్ గుర్తొచ్చింది. "వాడిది శల్య సారథ్యం అండీ" అంటాడొకడు. "ఉత్తరకుమారుడి కబుర్లు ఆపవయ్యా" అంటాడింకొకడు. కాటన్ దొరని అపర భగీరథుడంటాం. తెలుగు రానివాడి చేతికి నిఘంటువిచ్చి కూర్చోబెడితే ఏం తెలుసుకుంటాడు? శల్యుడంటే ఎవరో, కర్ణుడి రథం మీద కూర్చుని ఏం చేశాడో తెలియాలి కదా. పికార్డ్ చివరికి నిప్పు దగ్గర కూర్చుని, చావుబతుకుల్లో ఉన్న ఆ కెప్టెన్‌కి మన భూమ్మీది పాత కథొకటి చెబుతాడు. అది చూసినప్పుడల్లా మా తాతయ్య అరుగు గుర్తొస్తుంది.

దీనితో చిక్కేంటంటే మొదటి సీజన్ చప్పగా ఉంటుంది. నన్నడిగితే మూడో సీజన్ నుంచి చూడడం మంచిది. ఈ వారం ఎంత ప్రళయం వచ్చినా చాలాసార్లు వచ్చే వారానికి అందరూ ఏమీ జరగనట్టే ఉంటారు. మావాడికి అదే నచ్చలేదు. "దెబ్బ తగిలితే మచ్చ ఉండాలి కదా మావయ్యా" అన్నాడు.

మచ్చలు కావాలంటే బాటిల్‌స్టార్ గలాక్టికా. 1978 నాటి సిరీస్‌ని కొత్తగా మలిచి 2003లో మినీ సిరీస్‌గా, తర్వాత 2009 దాకా పూర్తి సిరీస్‌గా తీశారు. మనుషులు చేసిన యంత్రాలే తిరగబడి పన్నెండు గ్రహాల జనాన్ని చంపేస్తాయి. ఓడల్లో మిగిలింది సుమారు 50 వేల మంది. అధ్యక్షురాలి గదిలో ఒక తెల్ల బోర్డు ఉంటుంది, మిగిలినవాళ్ల లెక్క దాని మీద. ఎవరైనా పోతే అంకె చెరిపి రాస్తారు. మొదటి ఎపిసోడ్‌లో శత్రువులు సరిగ్గా 33 నిమిషాలకోసారి వచ్చి పడుతుంటారు, ఐదు రోజులు ఎవరికీ నిద్ర ఉండదు. ఆ ఎపిసోడ్ చివర బోర్డు మీద అంకె ఒకటి పెరుగుతుంది, ఎక్కడో ఒక ఓడలో బిడ్డ పుట్టింది కాబట్టి.

1996 నవంబరు తుపాను తెల్లారి మా ఊరి బడిలో పెద్దాయన ఒకరు నల్లబల్ల మీద వీధుల పేర్లు రాసి, పక్కన తలలు లెక్కపెట్టి అంకెలు వేశాడు. సాయంత్రానికి కొన్ని చెరిపాడు. ఆ సిరీస్‌ని ఇంతకంటే వివరించలేను. నటన, రాజకీయం, సైన్యం మాట చెల్లాలా ఓటు మాట చెల్లాలా అనే తగువు, అన్నీ గొప్పగా ఉంటాయి. 2009లో ఐక్యరాజ్యసమితి వాళ్లే పిలిచి దీని మీద చర్చ పెట్టారు. ముగింపు దగ్గర మాత్రం దేవుడి మీద భారం వేసేశారని సగం మంది అభిమానులకి ఇప్పటికీ కోపం. నాకూ కొంత ఉంది. అప్పులున్న సీజన్‌లో దీన్ని మొదలుపెట్టొద్దని మాత్రం చెప్పగలను.

డార్క్ సంగతి వేరు. జర్మన్ సిరీస్, 2017 నుంచి 2020 వరకు మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు, నెల సెలవుకి సరిగ్గా సరిపోతుంది. విండెన్ అనే చిన్న ఊరు, ఒక అణు విద్యుత్ కేంద్రం, అడవిలో ఒక గుహ. గుహలోకి వెళ్తే 33 ఏళ్లు వెనక్కో ముందుకో తేలతారు: 2019, 1986, 1953. తికమకగా ఉందని చాలామంది మధ్యలో వదిలేస్తారు. కోనసీమ వాళ్లకి ఆ బాధ ఉండకూడదు. కొత్త మనిషి కనబడగానే "ఎవరి తాలూకండీ?" అని అడిగి, మూడు ప్రశ్నల్లో అతను మనకి బావ వరసో బాబాయి వరసో తేల్చేసే జనం మనం. డార్క్ చూడ్డానికి కావాల్సింది సరిగ్గా ఆ విద్యే.

(కథ ముందే తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి.) ఆ కథలో జోనాస్ అనే కుర్రాడు మార్తాని ప్రేమిస్తాడు. మార్తా తమ్ముడు చిన్నపిల్లాడిగా 1986లోకి తప్పిపోయి, అక్కడే పెరిగి, పెళ్లి చేసుకుని, జోనాస్‌కి తండ్రవుతాడు. అంటే మార్తా ఏమైంది? మేనత్త. మనకి మేనత్త కూతురైతే మేనరికం అని సంబరపడేవాళ్లం, మేనత్తే అంటే తల పట్టుకోవాలి. మా అక్క రెండు ఎపిసోడ్లు చూసి "ఛీ ఛీ, వరస తప్పిన కథ" అని లేచిపోయింది. జర్మన్ వాళ్లకి ఓంకెల్, టాంటె అని రెండు మాటలతో సరిపోతుంది కాబట్టి తీయగలిగారు గానీ, తెలుగులో తీస్తే ఒకళ్లనొకళ్లు ఏమని పిలుచుకోవాలో తెలియక మొదటి సీజన్‌లోనే షూటింగ్ ఆగిపోయేది. అల్లిక విషయంలో ఈ నాలుగింటిలో దీన్ని మించింది లేదు, ముడులన్నీ విప్పి మరీ ముగిస్తుంది. కాకపోతే ఒక్కడూ నవ్వడు. ఎప్పుడూ వానే. మనకి వాన కొత్త కాదనుకోండి.

ఇక ఎక్స్‌పాన్స్. 2015లో మొదలై 2022 జనవరిలో అయిపోయింది, ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు. మూడు సీజన్ల తర్వాత సైఫై ఛానల్ ఆపేస్తానంటే, అభిమానులు చందాలేసుకుని అమెజాన్ స్టూడియో మీదుగా బ్యానర్ కట్టిన విమానం తిప్పించారు. 2018లో అమెజాన్ తీసుకుంది. ధర్నాలు మనకే వచ్చనుకుంటాం గానీ వాళ్లూ తక్కువ వాళ్లు కాదు.

కథ ఇది: భూమి, అంగారకుడు రెండు పెద్ద రాజ్యాలు. వాటికి అవతల గ్రహశకలాల్లో గనులు తవ్వుకుంటూ బతికే జనం, బెల్టర్లు. సీరెస్ అనే శకలంలో ఒకప్పుడు మంచు ఉండేది. పైవాళ్లు తవ్వి పట్టుకుపోయారు. ఇప్పుడు సీరెస్‌లో తాగే నీళ్ల కోసం శని వలయాల నుంచి ఓడలు మంచుగడ్డలు మోసుకురావాలి. మొదటి ఎపిసోడ్‌లో అలాంటి మంచు ఓడ ఒకటి పేలిపోతుంది. అక్కడ నీళ్లకి కోత పడుతుంది, జనం వీధుల్లోకి వస్తారు, యుద్ధం వాసన మొదలవుతుంది.

ఇది మాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు లొల్ల లాకులు దాటి, పి.గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటితే గానీ మా వైపు రావు. 1852లో ఆనకట్ట పూర్తయింది, 1982లో బ్యారేజీ అయింది, పది లక్షల ఎకరాల ఆయకట్టు అని పుస్తకాల్లో రాస్తారు. ఆ పది లక్షల్లో చివరి ఎకరం ఎవడిదో వాడిని అడగాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు వంతులవారీ పెడితే పైవాడి వంతు పూర్తయ్యేసరికి మా వంతు రోజులు బురదలో అయిపోతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు టీవీల వాళ్లు వింతగా చూపించారు. ఎక్స్‌పాన్స్‌లో బెల్టర్లు పని ఆపేస్తామన్నప్పుడు భూమ్మీది పెద్దలు పెట్టే మొహం సరిగ్గా అదే.

నీళ్ల తర్వాత గాలి. మిల్లర్ అనే డిటెక్టివ్ లంచం తీసుకుని, గాలి ఫిల్టర్లు మార్చని యజమానిని మొదట వదిలేస్తాడు. తర్వాత మనసు మారి అదే మనిషిని గాలిగదిలో పెట్టి తలుపేసి, గాలి లేకపోతే ఎలా ఉంటుందో చూపిస్తాడు. ఆ సీన్ నేను చెరువు గట్టు మీద కూర్చుని చూశాను. రాత్రంతా నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పీల్చుకుంటుంది. అందుకే తెల్లారే ముందు డీవో బాగా పడిపోతుంది. నాలుగు పీపీఎం కిందికి వస్తే టెన్షన్, ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్య గట్టు వెంబడి తేలుతుంది. ఊపిరాడకపోవడం ఎలా ఉంటుందో దూరం నుంచైనా తెలిసినవాడికి ఆ సీన్ వేరు.

సైన్సు కూడా మిగతా వాటికంటే ఇందులోనే ఒళ్లు వంచి రాశారు. స్టార్ ట్రెక్‌లో ఓడలో గురుత్వం ఊరికే ఉంటుంది, ఎందుకని అడగకూడదు. ఇందులో ఓడల్ని మేడల్లా అంతస్తులుగా కడతారు, ఇంజను తోస్తున్నంతసేపే కాళ్లు నేల మీద నిలుస్తాయి. సగం దారిలో ఓడ వెనక్కి తిరిగి వేగం తగ్గించుకుంటుంది. గుండ్రంగా తిరిగే సీరెస్‌లో గ్లాసులోకి పోసే మందు పక్కకి వంగి పడుతుంది. తక్కువ గురుత్వంలో పెరిగిన బెల్టర్ని భూమ్మీదికి తెస్తే సొంత ఒళ్లే వాడికి శిక్ష. ఇంజను ఒక్కటీ కల్పన, దాన్ని ఒప్పేసుకుంటే చాలా వరకు లెక్క ప్రకారమే.

ఇంకో సంగతి. భూమి తరఫున చక్రం తిప్పే పెద్దావిడ పేరు క్రిస్జెన్ అవసరాల. అచ్చం మన ఇంటిపేరు. ఐక్యరాజ్యసమితిలో చీర కట్టుకుని, బూతులు తిడుతూ, మనవడిని ముద్దు చేస్తూ, బెల్టర్ ఒకడిని భూమి గురుత్వంతోనే హింస పెట్టిస్తుంది. ఇరాన్‌లో పుట్టిన షోరే అగ్దష్లూ వేసిందా పాత్ర. పెద్దింటి పెత్తనాలు చూసి పెరిగినవాళ్లకి ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

లోపాలున్నాయి. మొదటి నాలుగు ఎపిసోడ్లు ఎవడు ఎవడో తెలియదు. ఆరో సీజన్ ఆరే ఎపిసోడ్లు, మీటింగ్ అయిపోతోంది సంతకాలు పెట్టండి అన్నట్టు పరిగెత్తిస్తారు. తొమ్మిది నవలల్లో చివరి మూడు తెరకెక్కనే లేదు, కాబట్టి కొన్ని దారాలు గాల్లోనే వేలాడతాయి. ముగింపే ముఖ్యం అనేవాళ్లు డార్క్‌కే వెళ్లాలి. మనసు బాగోని రోజు ఒక్క గంట చూసి పడుకోవాలంటే నెక్స్ట్ జనరేషన్‌కి సాటి లేదు, దాన్ని ఎక్కడైనా తెరవొచ్చు. ఒక్క ఎపిసోడే చూస్తానంటే కళ్లు మూసుకుని డార్మోక్ అంటాను. కానీ మా కాలువ చివరి నుంచి ఒక్క సిరీసే అంటే ఎక్స్‌పాన్స్, ఐదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టమని షరతుతో.

మావాడు విని, తలూపి, ముందు డార్క్ చూశాడు. డీవో రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో విండెన్ జనం వరసలన్నీ గీతలు గీసి పెట్టాడు, ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత ఎక్స్‌పాన్స్ మొదలుపెట్టి రాత్రికి నాలుగేసి చూశాడు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలారని పేపర్లో పడింది. మా బోదె (పొలాల్లోకి వచ్చే పిల్ల కాలువ) ఇంకా ఎండిపోయే ఉంది. వాడు బండేసుకుని ఎగువకి వెళ్లి, చూసొచ్చి, చెప్పులు విప్పుతూ అన్నాడు:

"మావయ్యా, సీరెస్‌కి ఇంకా మంచు రాలేదు."